అని

రెండు నోటుపుస్తకాలు కొన్నాను.
కొరియన్‌కి నీలం అట్ట, జపనీస్‌కి ఎరుపు.
నీలం పగటికి, వంటగదిలో నిలబడి.
ఎరుపు రాత్రికి, మెట్ల కింద కుర్చీలో.
"రెండిట్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టకు దుల్మా,
ఒకదాని ఒళ్ళో ఒకటి నిద్రపోతాయి"
అని ఇనోకుచి మాస్టారు.

అయినా కలుస్తాయి.
మాట ఇస్తే ఇక్కడ యక్సొక్, అక్కడ యకుసొకు.
చేతిసంచి ఇక్కడ గబాంగ్, అక్కడ కబాన్.
అక్కాచెల్లెళ్ళు ఒకరి రవిక ఒకరు తొడుక్కుని
సంతకొచ్చినట్టు.
అయిదు వేల వన్‌లకి చేపలివ్వమని "గో" అన్నాను,
ఆమెకి "గూ" వినపడింది, తొమ్మిది వేలవి కట్టింది.
వారమంతా చేపలే.
ఇక్కడ "యే" అంటే అవును, అక్కడ "ఈయే" అంటే కాదు.
మధ్యలో ఉన్నది ఒక్క "ఈ",
పొరపాటున మింగితే పెళ్ళి కూడా కుదిరిపోవచ్చు.

బూసాన్‌లో, యోంగ్దో దీవి మీద, మా వృద్ధాశ్రమం.
పగలంతా కింద ఓడల తుప్పు గీకే సుత్తులు.
రెండో అంతస్తు చివరి గదిలో
పే చొమ్‌సున్ అవ్వ, తొంభై ఆరు.
రిజిస్టర్లో అంతే.
ఈ మధ్య ఆమె మాటలు తగ్గాయి,
ఒక్కొక్కటీ పళ్ళూడినట్టు ఊడి
ఒకటి మిగిలింది.

గిన్నెని రెండు చేతులా నోటిదాకా ఎత్తేది.
"గిన్నె బల్ల దిగదు మన ఇళ్ళల్లో,
ఈ వయసులో పిల్లచేష్టలు"
అని సూపర్‌వైజర్ బాంగ్ గారు.
అవ్వ గిన్నె దించి, తలుపు వైపు చూసి,
"అని" అనేది.
నీలం పుస్తకం మొదటి పేజీలోనే ఉంది.
అని అంటే వద్దు.
సముద్రపాచి సూప్ ఇంకా పొగలు కక్కుతుండగానే
తీసేశాను.
రోజువారీ పట్టికలో రాశాను, తినను అంది, అని.
మర్నాడూ అదే. ఆ మర్నాడూ.
మూడు వారాలు.
బరువు నాలుగు కిలోలు తగ్గింది.
అదీ నేనే రాశాను, గుండ్రటి అక్షరాల్లో.

ఎరుపు పుస్తకంలో ఏడో పాఠం, కుటుంబం.
మెట్ల కింద, రాత్రి రెండున్నరకి,
నా తండ్రి, చిచి.
నా తల్లి, హహ.
నా అన్న,

లేచాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆమె మెలకువగానే ఉంది.
"అని వ?" అన్నాను, మాస్టారు నేర్పిన ప్రశ్న స్వరంతో.
అన్నయ్య సంగతేమిటి?
ఎనభై ఏళ్ళ కిందట వేసిన గడియ తీసినట్టు
మొహం తెరుచుకుంది.
పడవ ఎక్కలేదట. వస్తానన్నాడట.
వాడు తినకుండా తానెలా తింటుంది?
ఆమె ముందుపేరు తజుకో.
మొగుడితో ఇటు వచ్చాక
బజార్లో నోరు జారుతుందేమోనని
నిద్రలో కూడా జాగ్రత్తపడ్డ మనిషి.
రెండు భాషలూ కలవకుండా నేర్చుకోవడమెలాగో
ఆమెనడగాలి, మాస్టారిని కాదు.

అర్ధం అర్ధం వచ్చింది నాకు. మిగతా అర్ధం
నా తప్పుల్లోంచి ఊహించుకున్నాను.

సూప్ వేడిచేసి రెండు గిన్నెల్లో పోశాను.
ఒకటి తలుపు వైపు పెట్టాను.
ఆమె తనదాన్ని ఎత్తుకుని చివరిదాకా తాగింది.

నిద్ర పట్టడం లేదంటే దుప్పటి సర్ది
చెయ్యి నుదుటి మీద ఉంచాను.
ఉలాన్‌గోమ్‌లో, పొయ్యిలో ఆఖరి పిడక వేసి
మా అమ్మ రోజూ అనేది, "నూదే అని."
కళ్ళు మూసుకో.
దానికి నేనెప్పుడూ పుస్తకం కొనలేదు.
అవ్వకీ అదే చెప్పాను.
ఏ భాషలో విందో,
మూసుకుంది.

పొద్దున బాంగ్ గారు గదిలోకొచ్చి
రెండో గిన్నె ఎవరిదని అడిగింది.
జవాబు రెండు భాషల్లోనూ వచ్చు.
సూప్ మీద మీగడలా చల్లటి పొర.
గిన్నె కడగడానికి తీసుకెళ్ళాను.